శివారు నియోజకవర్గానికి ఆఖరి గీత గీసిన మా హద్దుల మేడమ్‌గారు

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం జూలై నాలుగవ తేదీ, సోమవారం ఉదయం మన ఎన్నికల కార్యాలయంలో కనిష్ఠ సహాయకురాలిగా అడుగుపెట్టిన ఇరవై నాలుగేళ్ళ యువతి, ఈ నెలాఖరున సంయుక్త ప్రధాన అధికారిణిగా పదవీ విరమణ చేయనున్నారు. ఆ మొదటి రోజున ఆమెకు పటాల గదిలో, కిటికీకి వీపు పెట్టిన ఒక బల్ల కేటాయించారు. ఒక కాలు పొట్టిదైన ఆ బల్ల కింద మడిచిన అట్టముక్క దోపి, దాని మీద శివారు పార్లమెంటు నియోజకవర్గపు పటం పరిచి ఆమె పని మొదలుపెట్టారు. ఆ నియోజకవర్గం నేడు లేదు. దాని పేరును బ్యాలెట్ పత్రం మీద చూసినవారు మన కార్యాలయంలోనే కొద్దిమంది మిగిలారు. అయినా దాని ప్రస్తావన లేకుండా ఆమె ఉద్యోగ జీవితాన్ని చెప్పడం ఎవరి తరమూ కాదు.

కార్యాలయంలో ఆమెను అందరూ ‘హద్దుల మేడమ్‌గారు’ అంటారు. నియోజకవర్గాల హద్దులు ఆమె చేతి మీదుగా సాగడం అందుకు ఒక కారణమైతే, సమావేశాల్లో ఎవరి గొంతు కాస్త పెరిగినా “హద్దులో ఉందామండీ” అని ఆమె మెత్తగా అనడం మరొక కారణం. ఆ పేరు తన చెవిన పడనట్టే ఇన్నేళ్ళూ నటించిన ఘనత కూడా ఆమెదే.

శివారు నియోజకవర్గం ఆమె ఉద్యోగంలో చేరడానికి సుమారు రెండు దశాబ్దాల ముందు ఏర్పడింది. అంతవరకు ఆ ప్రాంతం నగర నియోజకవర్గానికి తోకలా వేలాడేది. రైలు పట్టాలకు ఇటు నూలు మిల్లులూ, కార్మికుల వీధులూ; అటు కొత్తగా వెలసిన కాలనీలూ, ఆసుపత్రీ, కళాశాలా; రెంటికీ నడుమ ఒకే ఒక్క రైల్వే గేటు. నగరం నుంచి గెలిచిన సభ్యులు ఓట్ల ముందు ఒకసారి వచ్చి, గేటు పడి ఉండటం చూసి, అటునుంచి అటే తిరిగి వెళ్ళిపోయేవారని పాతకాపులు ఇప్పటికీ చెప్పుకుంటారు. జనాభా పెరిగి శివారుకు తనదైన స్థానం దక్కిన తరువాత తొలిసారి ఎన్నికైన సభ్యుడు ఒక వకీలు. పట్టాల కింద దారి తవ్విస్తానని మాట ఇచ్చి, ఆ మాటను ఆయన కాగితాల దాకా తెచ్చారు. ఆయన తరువాత వచ్చిన మిల్లు కార్మిక నాయకుడు దాన్ని నిధుల దాకా తెచ్చి, పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆ మరణం వల్ల వచ్చిన ఉప ఎన్నికే మన మేడమ్‌గారికి మొదటి ఎన్నిక.

ఆ ఉప ఎన్నిక నడివానల్లో వచ్చింది. పోలింగ్ కేంద్రంగా నిర్ణయించిన బాలికల పాఠశాలలో మోకాటి లోతు నీళ్ళు నిలవడంతో, కేంద్రాన్ని రాత్రికి రాత్రి పక్కనున్న సినిమా హాలు వసారాలోకి మార్చారు. పోలింగ్ అధికారిగా రావలసిన పెద్దమనిషి వరదలో చిక్కుకొని రాలేకపోయారు. అదనపు సిబ్బందిగా కూర్చోబెట్టిన ఈమెకు, ఉద్యోగంలో ఏడాదైనా సరిగా నిండకముందే, ఒక కేంద్రం మొత్తం చేతిలో పడింది. పోటీలో ఉన్న ఇద్దరు ప్రధాన అభ్యర్థుల్లో లేడీ డాక్టరు గారిది గొడుగు గుర్తు, కాంట్రాక్టరు గారిది కుర్చీ గుర్తు. బయట కుండపోత. వచ్చే ప్రతి ఓటరు చేతిలోనూ గొడుగే.

పోలింగ్ మొదలై ఎంతోసేపు కాకముందే కుర్చీ గుర్తు వారి ఏజెంటు లేచి నిలబడ్డాడు.

“మేడమ్, ఇది అన్యాయమండీ! పోలింగ్ కేంద్రంలో ప్రచారం చెయ్యకూడదని మీరే కదా అన్నారు? చూడండి, ఎటు చూసినా గొడుగులే. వచ్చేవాళ్ళందరూ వాళ్ళ గుర్తు పట్టుకునే వస్తున్నారు!”

“వాన పడుతోందండీ,” అన్నారు ఆమె.

“వాన పడితే మాత్రం? రూలు రూలే కదా!”

“మరి మీరు కుర్చీలోంచి లేస్తారా? మీరు కూర్చున్నదీ మీ గుర్తే.”

వసారా అంతా నవ్వులు చెలరేగాయి. డాక్టరు గారి ఏజెంటు మరీ గట్టిగా నవ్వాడు. కానీ ఆమె నవ్వలేదు. ఆ మనిషి మాటలో వెటకారం ఎంత ఉన్నా, అడిగింది రూలు గురించి కాబట్టి దానికి జవాబు చెప్పవలసిందేనని ఆమె అనుకున్నారు. గొడుగులన్నీ గుమ్మం దగ్గరే ముడిచి, టికెట్ల గది పక్కన మూలకు ఆనించి లోపలికి రావాలని ప్రకటించారు. ఏజెంట్లందరూ బల్లల మీద కూర్చోవాలని, కుర్చీలు అవతలి గదిలో పెట్టించారు. సాయంత్రం దాకా ఇరుపక్షాల ఏజెంట్లూ నడుములు పట్టుకొని కూర్చున్నారే గాని, మళ్ళీ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

ఇబ్బందల్లా తరువాత వచ్చింది. మూలన గుట్టగా పడి ఉన్న నల్ల గొడుగులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎవరి గొడుగు ఎవరు పట్టుకెళ్ళారో ఎవరికీ తెలియదు. మరునాటి ఉదయం, రైల్వే స్టేషను ఎదుట టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఒకావిడ నేరుగా పటాల గదికి వచ్చారు. ఆ ప్రాంతంలో గుమాస్తా ఉద్యోగం చేసే సగం మంది ఆవిడ దగ్గర టైపు నేర్చుకున్నవారే కాబట్టి, ఆవిడ నడిచి వస్తుంటే వరండాలో ఉన్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు.

“గొడుగులు ముడిపించింది నువ్వేనా అమ్మాయ్?”

“నేనేనండి.”

“నాది చెక్క పిడి గొడుగు. నాకు మిగిలింది ఇదిగో, ఈ చువ్వ విరిగింది. ఎన్నిక ప్రశాంతంగా జరిగిందని రేడియోలో చెప్పారు. నా వరకు అంత ప్రశాంతంగా ఏమీ జరగలేదు.”

ఆమె తన గొడుగు తీసి ఆవిడ చేతికిచ్చి, “మీది దొరికేదాకా ఇది ఉంచుకోండి, తప్పకుండా వెతికిస్తాను,” అన్నారు. వెతికించడం కాదు, ఆదివారం పూట తానే వీధివీధీ తిరిగి అడిగారు. చెక్క పిడి గొడుగు చివరికి కుర్చీ గుర్తు ఏజెంటు గారింట్లో, తలుపు వెనక మేకుకు వేలాడుతూ దొరికింది. ఆమె గొడుగు తీసుకొని, నమస్కారం పెట్టి వచ్చేశారట.

ఇచ్చిన గొడుగు తిరిగి ఇచ్చి రమ్మని టైపు అమ్మగారు తన కొడుకును పంపారు. రైల్వేలో సిగ్నల్ మెకానిక్‌గా పనిచేసే ఆయన అందుకోసం మన కార్యాలయానికి చాలాసార్లు రావలసి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ గొడుగు తేవడం మరిచిపోయేవారు. మరుసటి సంవత్సరం వారి వివాహం జరిగింది. సంబంధం మాట్లాడటానికి వచ్చినప్పుడు టైపు అమ్మగారు అమ్మాయి తండ్రితో చెప్పిన మాట మన కార్యాలయంలో ఇప్పటికీ చెప్పుకుంటాం: “అంతమంది మధ్య ఏజెంటు అరుస్తుంటే మీ అమ్మాయి గొంతు పెంచలేదటండీ. మా ఇంట్లో నా గొంతు ఒక్కటే ఉంది. పెంచని గొంతు కూడా ఒకటి కావాలి.”

ఆ ఉప ఎన్నికలో గెలిచిన డాక్టరు గారి హయాంలోనే పట్టాల కింద సొరంగ మార్గం పూర్తయింది. అది తెరిచిన నాడు అటువాళ్ళు ఇటూ, ఇటువాళ్ళు అటూ ఊరికే నడిచి వెళ్ళి వచ్చారు. పిల్లల్ని ఎత్తుకొని, ముసలివాళ్ళను చెయ్యి పట్టుకొని, ఏ పనీ లేకుండానే నడిచారు. మిల్లు వీధుల గర్భిణులకు ఆసుపత్రి, కాలనీల ఆడపిల్లలకు టైపు ఇన్‌స్టిట్యూట్ అప్పటి నుంచే నిజంగా దగ్గరయ్యాయి. అదే కాలంలో మేడమ్‌గారు వరిష్ఠ సహాయకురాలిగా, పటాల విభాగాధిపతిగా, సహాయ ఎన్నికల అధికారిణిగా ఒక్కొక్క మెట్టూ ఎక్కారు. ఓటర్ల జాబితా సవరణ అంటే బల్ల దగ్గర కూర్చొని చేసే పని కాదని, చెప్పులు అరిగేలా తిరిగి చేసే పని అని తాము నడిచి మాకు నేర్పారు. కొత్తగా వచ్చిన సహోద్యోగి ఎవరైనా ఒక వీధిని పటంలో తప్పుగా గుర్తిస్తే కోప్పడేవారు కాదు. “పదండి, ఒకసారి చూసొద్దాం,” అని చెప్పులు వేసుకునేవారు. ఎండలో ఆమె వెంట ఒకసారి నడిచినవారు రెండోసారి ఆ తప్పు చేసిన దాఖలా లేదు.

రెండు వేల ఆరవ సంవత్సరంలో నియోజకవర్గాల పునర్విభజనకు సంఘం ఏర్పడింది. విశ్రాంత న్యాయమూర్తి ఒకరు దానికి అధ్యక్షులు. పటాలు, జనాభా వివరాలు సమకూర్చే బాధ్యత మేడమ్‌గారిది. మిల్లులు మూతపడి, కార్మిక కుటుంబాలు తరలిపోయి, శివారులో జనాభా ఒక స్థానానికి చాలనంతగా తగ్గిందని మొదట గ్రహించినదీ ఆమే. శివారు నియోజకవర్గాన్ని రద్దు చేసి, పట్టాలకు అటు భాగాన్ని నగరంలోనూ, ఇటు భాగాన్ని గ్రామీణ నియోజకవర్గంలోనూ కలపాలని సంఘం ముసాయిదా తయారుచేసింది. అది అచ్చయ్యేదాకా ఎవరితోనూ చెప్పకూడదు. తాను దాదాపు ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్న నియోజకవర్గం, తన ఇల్లున్న నియోజకవర్గం, అత్తగారు మొదటి ఎన్నిక నుంచీ ఓటు వేస్తూ వచ్చిన నియోజకవర్గం పోబోతోందని తెలిసి, నెలల తరబడి ఆమె ఇంట్లో అందరితో కలిసి భోజనానికి కూర్చొని, కూర బాగుందని చెప్పి లేచేవారు. పటాలు ఒక్కనాడూ ఇంటికి తీసుకెళ్ళలేదు. అన్నం మాత్రం సగమే తినేవారని తరువాత ఆమె భర్త చెప్పారు.

ముసాయిదా పత్రికల్లో వచ్చిన ఉదయం టైపు అమ్మగారు పేపరు మడిచి, కోడలి ముందు బల్ల మీద పెట్టారు.

“నీకు ఎప్పట్నుంచి తెలుసు?”

“చాలా రోజుల్నుంచి, అత్తయ్యా.”

“మరి చెప్పలేదే?”

“చెప్పకూడదు.”

“నాకు కూడానా?”

“ఎవరికీ, అత్తయ్యా.”

ఆవిడ పేపరు మళ్ళీ చేతిలోకి తీసుకొని, “సరేలే. చెప్పకూడనివి ఇక నుంచి నాకూ ఉంటాయి,” అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు ఆగిపోయాయి. గొడవ లేదు, సాధింపు లేదు; వంట సమయానికి అయ్యేది, బట్టలు మడతపడేవి. కాకపోతే అత్తగారు చెప్పవలసింది కొడుకుతో చెప్పేవారు, ఆయన ఎదురుగా ఉన్న భార్యకు చెప్పేవారు. పగలంతా రెండు రైళ్ళు ఒకే పట్టా మీదికి రాకుండా చూడటం, సాయంత్రం ఇంటికొచ్చి అదే పని జీతం లేకుండా చేయడం అని ఆయన వాపోయేవారట. ఆరో తరగతి చదువుతున్న వారి అమ్మాయి ఒకనాడు నాయనమ్మను, “అమ్మ ఇక్కడే ఉంది కదా, నువ్వే చెప్పొచ్చుగా?” అని అడిగితే, “మీ అమ్మకు చెప్పకూడదు,” అన్నారట ఆవిడ. మేడమ్‌గారు ఆ మాట విని నవ్వబోయి, నవ్వలేక, మంచినీళ్ళ నెపంతో లేచి వెళ్ళారు. అన్నాళ్ళ సర్వీసులో ఏ అభ్యర్థీ, ఏ నాయకుడూ ఆమెను అంత కష్టపెట్టలేదు.

అభ్యంతరాలు వినడానికి పురపాలక సంఘం హాలులో బహిరంగ విచారణ ఏర్పాటయింది. వేదిక మీద అధ్యక్షులు. ఆయనకు కుడివైపు చిన్న బల్ల దగ్గర, వక్తలను పిలిచి సమయం కాగానే గంట కొట్టే బాధ్యతతో మేడమ్‌గారు. మధ్యాహ్నం తరువాత పిలవవలసిన పేరు చూసి ఆమె చెయ్యి ఆగింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా టైపు అమ్మగారు మాట్లాడటానికి పేరు ఇచ్చారు. వెంటనే మేడమ్‌గారు లేచి అధ్యక్షుల దగ్గరికి వెళ్ళి, తరువాతి వక్త తన అత్తగారని, ఆవిడ మాట్లాడేంతసేపూ తాను వేదిక దిగి ఉంటానని చెప్పారు.

“ఆవిడ చెప్పేది నాకు. మీరు కొట్టేది గంట. గంటలో పక్షపాతం ఏముంటుందమ్మా?” అన్నారు అధ్యక్షులు. అయినా న్యాయమూర్తిగా బతికిన మనిషి కాబట్టి మైకు దగ్గరికి వంగి సభను అడిగారు: “ఇప్పుడు మాట్లాడబోయేవారు మా అధికారిణికి అత్తగారు. దీనికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?”

వెనక వరుస నుంచి ఎవరో అన్నారు: “మాకెందుకుంటుందండీ? ఉంటే ఆ కోడలికే ఉండాలి!”

నవ్వులు సద్దుమణిగాక మేడమ్‌గారు, అందరినీ అడిగినట్టే, “మీ పేరు, చిరునామా చెప్పండి,” అన్నారు. అన్ని రోజుల తరువాత అత్తగారితో ఆమె ఆడిన మొదటి మాట అదే.

“నా చిరునామా నీకు తెలీదూ?”

“రికార్డు కోసమండీ.”

“అయితే మీ ఇంటి చిరునామాయే రాసుకోండి.” ఆవిడ మైకు సరిచేసుకొని అధ్యక్షుల వైపు తిరిగారు. “అయ్యా, మా నియోజకవర్గం ఉంచమని అడగడానికి నేను రాలేదు. మనుషులు తగ్గారు, లెక్క కుదరలేదు, నాకు అర్థమవుతుంది. కానీ మీరు గీత పట్టాల మీద గీశారు. ఆ పట్టాల దగ్గర మా బతుకులు ఎలా గడిచాయో మీకు తెలియాలి. గేటు పడితే అటు పిల్లలు అటే, ఇటు పిల్లలు ఇటే. నా దగ్గర టైపు నేర్చుకున్న అమ్మాయి ఒకతి, గేటు దగ్గర నిలబడిపోయి పరీక్ష పోగొట్టుకుంది. ఎంత బాగా చేసేదో! తర్వాత మళ్ళీ రాలేదు. మా వీధి కోడలొకామె ఆ గేటు దగ్గరే, రిక్షాలోనే ప్రసవించింది. అప్పుడు మా గోడు వినేవాడు లేడు. మాకంటూ ఒక స్థానం వచ్చాకే ఆ వకీలు గారు రాశారు, ఆ కార్మిక నాయకుడు పోట్లాడాడు, డాక్టరమ్మ తవ్వించింది. ముగ్గురివీ మూడు పార్టీలు. అయినా ముగ్గురూ ఒక్క సొరంగమే తవ్వారు. ఎందుకంటే రెండు వైపులవాళ్ళమూ కలిసి వాళ్ళకు ఓటేశాం. ఇప్పుడు మీరు అటువాళ్ళను ఒకరికీ, ఇటువాళ్ళను ఒకరికీ పంచితే, రేపు వానకు సొరంగంలో నీళ్ళు నిలిస్తే మేం ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఆయన ఈయన్ని చూపిస్తాడు, ఈయన ఆయన్ని చూపిస్తాడు. కాబట్టి నేను చెప్పొచ్చేదేంటంటే...”

గంట మోగింది.

హాలంతా మేడమ్‌గారి వైపు తిరిగింది. టైపు అమ్మగారు కూడా మెల్లగా అటు తిరిగారు.

“ఇంట్లో నా మాటకు ఎప్పుడూ అడ్డు రావు. ఇక్కడ వస్తావా?”

“ఇక్కడ అందరికీ ఒకటే గంట, అత్తయ్యా.”

మైకు తెరిచే ఉంది. ఆ ‘అత్తయ్యా’ అనే పిలుపు హాలు నాలుగు మూలలా వినిపించింది. మేడమ్‌గారి ముఖం ఎర్రబడింది. టైపు అమ్మగారు మాత్రం సగం వాక్యంతోనే వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. తరువాతి వక్త ఒక సైకిల్ షాపు యజమాని. తన సమయం అమ్మగారికి ఇచ్చేస్తానన్నాడు. అలా ఇవ్వడానికి నియమం ఒప్పుకోదన్నారు మేడమ్‌గారు. అతను కాసేపు బుర్ర గోక్కొని, గబగబా టైపు అమ్మగారి దగ్గరికి వెళ్ళి చెవి ఒగ్గాడు. ఆవిడ చెప్పారు. అతను మైకు దగ్గరికొచ్చి గొంతు సవరించుకొని, “నేను చెప్పొచ్చేదేంటంటే, మమ్మల్ని ఎవరిలో కలిపినా సరే, అటువాళ్ళనూ ఇటువాళ్ళనూ కలిపే కలపండి,” అని ఒక్క ముక్కలో తేల్చి దిగిపోయాడు. ఆ చప్పట్లు ఆగడానికి గంట కొట్టవలసి వచ్చింది.

విచారణ నివేదిక సరిచూసేటప్పుడు లఘులేఖకుడు ‘అత్తయ్యా’ అనే మాట కొట్టేయాలా అని అడిగితే, “సభలో అన్నది అన్నట్టు ఉండాలి,” అన్నారట అధ్యక్షులు. ఆ మాట అధికారిక నివేదికలో నేటికీ అలాగే ఉంది.

సంఘం ఆ విన్నపాన్ని తేలికగా తీసుకోలేదు. రెండు వైపులనూ కలిపి ఒకే నియోజకవర్గంలో ఉంచడం సాధ్యమా అని మేడమ్‌గారిని అడిగింది. ఆమె లెక్కలు వేశారు, తిరగేసి వేశారు, వేరొకరి చేత వేయించారు. రెండు వైపులనూ నగరంలో కలిపితే జనాభా పరిమితి దాటుతుంది. దాటకుండా ఉండాలంటే పడమటి కొసన ఉన్న మిల్లు వీధులను విడదీసి గ్రామీణ నియోజకవర్గానికి ఇవ్వాలి. ఆ వీధుల్లోనే ఆమె ఇల్లు ఉంది. పటం మీద ఆ గీత గీసేటప్పుడు పెన్సిల్ ముందుకు కదలలేదని, చెక్కిన పెన్సిల్‌నే మళ్ళీ చెక్కుతూ కూర్చున్నారని, ఆనాడు పక్క బల్ల దగ్గర ఉన్నవారు చెబుతారు. అత్తగారు గెలిచేదీ, అత్తగారి వీధి పోయేదీ ఒకే గీతతో. అధ్యక్షులు ఆ పటం చూసి, “ఈ వీధుల్లో మీ ఇల్లు కూడా ఉన్నట్టుంది?” అన్నారు.

“ఉందండి.”

“మీరేమంటారు?”

“ఇలా గీస్తే ఇంతమంది కలిసి ఉంటారు, ఇన్ని వీధులు విడిపోతాయి. అలా గీస్తే సొరంగం రెండుగా విడిపోతుంది. ఏది మంచిదో మీరు చెప్పాలి సార్. నా ఇల్లు లెక్కలోకి రాదు.”

తుది ఉత్తర్వు వెలువడిన రోజున పట్టాలకు రెండు వైపులా సంతోషించారు. మిల్లు వీధులవారు మాత్రం మండిపడ్డారు. మనలోనే ఉండి మన వీధిని వదిలేసిందని, సొంత ఇంటినే కాపాడుకోలేనిది ఏం అధికారిణి అని నానా మాటలూ అన్నారు. ఆ సాయంత్రం కొందరు ఆమె ఇంటి గుమ్మం దాకా వచ్చారు. మేడమ్‌గారు లోపలి గదిలోంచి లేచి వచ్చేలోగా, గుమ్మంలో టైపు అమ్మగారు నిలబడి ఉన్నారు.

“అటూ ఇటూ కలిపి ఉంచమని హాల్లో అడిగింది ఎవరు? నేను. చప్పట్లు కొట్టిందెవరు? మీరు. ఇచ్చారు. దానికి మన నాలుగు వీధులు పోయాయి. నా కోడలు తన ఇల్లున్న వీధిని మిగుల్చుకొని గీత పక్కకు జరిపి ఉంటే, అప్పుడు రండి, నేనే మీతో కలిసి తిడతాను. ఇప్పుడు అనాలనుంటే నన్నని వెళ్ళండి. నాకు వినే ఓపిక ఉంది.”

ఒకాయన చెప్పులు వెతుక్కున్నాడు, మరొకామె పిల్లవాడికి ఆకలవుతోందంది. అందరూ వెళ్ళాక ఆవిడ తలుపు వేసి, వెనుదిరిగి, నడవలో నిలబడిన కోడలిని చూశారు. కొడుకు వైపు తిరగలేదు.

“కాఫీ తాగుతావా?”

“తాగుతానత్తయ్యా.”

“ఆ గంట కాస్త ఆగి కొడితే ఏం పోయింది?” అంటూ ఆవిడ వంటింట్లోకి నడిచారు. మేడమ్‌గారు ముఖం కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపటి దాకా రాలేదు. కాఫీ చల్లారిందని, మళ్ళీ పెట్టవలసి వచ్చిందని ఆమె భర్త చెప్పారు.

రెండు వేల తొమ్మిదిలో పార్లమెంటు రద్దు కావడంతో శివారు నియోజకవర్గం చట్టరీత్యా ముగిసింది. దాని అధికార ముద్రను నియమం ప్రకారం పనికిరాకుండా గాటు పెట్టి భద్రపరచవలసి ఉంది. ఆ పని కింది ఉద్యోగికి అప్పగించవచ్చు. ఆమె అప్పగించలేదు. ముద్రను తడిగుడ్డతో తుడిచి, పాత సిరా వదిలేదాకా శుభ్రం చేసి, ఆకురాయితో తానే గాటు పెట్టి, కవరులో ఉంచి సీలు వేశారు. మేము పని ఉన్నట్టు ఎవరి బల్లల దగ్గర వాళ్ళం తల వంచుకొని కూర్చున్నాం.

ఆ తరువాతి పదిహేనేళ్ళలో ఆమె ఉప ప్రధాన అధికారిణిగా, సంయుక్త ప్రధాన అధికారిణిగా చేసిన సేవ మనందరికీ ప్రత్యక్షంగా తెలిసినదే. చక్రాల కుర్చీ ఎక్కలేని పోలింగ్ కేంద్రానికి ఆమె అనుమతి ఇవ్వలేదు; చంటిపిల్లల తల్లులకు నీడ లేని వరుసను ఆమె సహించలేదు. సొరంగ మార్గంలో ఒకసారి నీళ్ళు నిలిచినప్పుడు, కొత్త నియోజకవర్గపు సభ్యుడు మరునాడే మోటార్లు పెట్టించి తోడించారన్న వార్త చదివి, పేపరు మడిచి, ఇంటికి ఫోను చేసి, “అత్తయ్యా, ఆయన ఎవరినీ చూపించలేదు,” అని మాత్రం చెప్పి పెట్టేయడం మేము విన్నాం. మంచి పని చేసిన సిబ్బందిని అందరి ముందూ మెచ్చుకొని, పొరపాటు చేసినవారిని తలుపు వేసి మందలించిన పై అధికారి ఆమె. ఆమె గదిలోంచి తిట్లు తిని బయటకు వచ్చినవారి చేతిలో కూడా ఒక టీ కప్పు ఉండేది.

వారి భర్త రైల్వే నుంచి విశ్రాంతి పొంది, ఇంట్లో గడియారాలన్నీ ఒకే సమయం చూపేలా దిద్దే పనిలో ఉన్నారు. అమ్మాయి ఫిజియోథెరపిస్టుగా, పట్టాలకు అవతలి ఆసుపత్రిలోనే పనిచేస్తున్నారు. ఎనభై తొమ్మిదేళ్ళ టైపు అమ్మగారు మన కార్యాలయ పత్రిక ఈ సంచికలోని అచ్చుతప్పులు తామే దిద్దుతామని కబురు పంపారు. ఈ వ్యాసం ఆవిడ కంట పడుతుందన్న భయంతోనే ఇంత జాగ్రత్తగా రాయడం జరిగింది.

చివరిగా ఒక మాట. లక్షలాది మంది చేత ఓటు వేయించిన మన మేడమ్‌గారు, ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పోలింగ్ రోజున వరుసలో నిలబడి ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. ఎన్నికల విధుల్లో ఉన్నవారి ఓటు తపాలాలో వెళుతుంది. రాబోయే ఎన్నికకు ఆమె చేతిలో పటం ఉండదు, గంట ఉండదు, ఏ కేంద్రం నుంచీ ఫోను రాదు. ఆ ఉదయం ఆమె తీరిగ్గా తయారై, అత్తగారి చెయ్యి పట్టుకొని, భర్తతోనూ కూతురితోనూ కలిసి, మిల్లు వీధుల జనం మధ్య మామూలు మనిషిలా వరుసలో నిలబడాలి. వరుస మెల్లగా సాగుతోందని విసుక్కోవాలి. ముందున్నవారితో ఎండ గురించి మాట్లాడాలి. తన వంతు రాగానే, లోపల కూర్చున్న మనలో ఎవరో ఒకరు తలెత్తి, గుర్తుపట్టి కూడా, నియమం ప్రకారం ఆమె పేరు అడగాలి. అలాంటి ఉదయాలు ఆమెకు ఇంకా ఎన్నో రావాలని, ప్రతిసారీ ఆ వరుసలో నిలబడేంత ఆరోగ్యమూ, వెంట నడిచే తనవారూ, తిరిగి వెళ్ళాక వేడి కాఫీ ఇచ్చే ఇల్లూ ఆమెకు నిండు నూరేళ్ళూ ఉండాలని మన కార్యాలయం యావత్తూ మనసారా కోరుకుంటోంది.